అద్దాల బీరువాలో పేరంటాలి చీర

మొన్న మా మనవరాలు బట్టలు కొనుక్కుంటానని నన్ను అమలాపురం తీసుకెళ్ళింది. పాత బజారు వీధి నేనిప్పుడు ఆనవాలు పట్టలేనండి. చెక్క తలుపుల కొట్లన్నీ పోయి అద్దాల కొట్లు వచ్చేసేయి. ఒక కొట్టు గుమ్మంలో బొమ్మకి పట్టుచీర కట్టి నిలబెట్టేరు. ఆ బొమ్మకి తల లేదు. మెడ దాకా ఉంది, పైన నున్నగా కోసేసినట్టుంది. మళ్ళీ ఆ మెడలో గొలుసొకటి. నేను గుమ్మంలోనే ఆగిపోయేను.

"ఏంటమ్మమ్మా, బొమ్మే కదా. రా లోపలికి" అంది మనవరాలు.

"తలేదే దానికి?"

"తలకి చీర కట్టరు కదా, అందుకు పెట్టలేదు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. తరవాత హోటల్లో కూచున్నాక కాఫీ తాగకుండా దానికి ఈ సంగతంతా చెప్పేను. అది నవ్వడం మానేసి విన్నాది. "ఇది రాసిపెట్టమ్మమ్మా, నువ్వు చెప్పినట్టే రాయి" అంది. నా చదువు ఐదో తరగతి. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా ఊళ్ళో మా ఇల్లు కాలవ గట్టు మీద. మా నాన్న కొబ్బరికాయలు ఒలిచిన డొక్కలు కొని, కాలవలో ఊరేయించి, పీచు తీయించి తాళ్ళు పేనించేవాడు. ఊరిన డొక్కల కంపు మా బట్టలకీ జుట్టుకీ, ఆఖరికి మేం తినే అన్నానికి కూడా పట్టేది. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు తెలిసేదే కాదు.

మా అమ్మ నాకు నడక వచ్చిన కొత్తల్లోనే జ్వరమొచ్చి పోయిందట. ఇంట్లో ఫొటో లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా మామ్మ తియ్యనిచ్చేది కాదు. మామ్మంటే మా నాన్న తల్లి. అంచేత అమ్మ మొహం నాకు తెలీదు. కళ్ళు మూసుకుంటే చీర కనపడేది, జడ కనపడేది. మొహం దగ్గరకొచ్చేసరికి తెల్లగా, ఏమీ ఉండేది కాదు.

పసుపు కుంకాలతో పోయిన ఆడమనిషి ఆ ఇంటికి పేరంటాలవుతుంది. ఏటా శ్రావణంలో ఆవిడకి కొత్తచీర పెట్టాలి. మా ఇంట్లో పద్ధతేంటంటే, నడింట్లో మూల పీట వేసి దాని మీద చీర, గాజులు, పసుపు కుంకం పెట్టేవారు. ముందర ఆకేసి వండినవన్నీ వడ్డించేవారు. పక్కన ఇత్తడి పళ్ళెంలో బియ్యప్పిండి పల్చగా పరిచి, దీపం వెలిగించి, తలుపు మూసేసేవారు. కుండలో అన్నం ఉడికేంత సేపు ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. తలుపు తీసేక ముందు పిండి చూస్తారు. పిండి మీద చేతి గుర్తు కనపడితే ఆవిడ వచ్చి చీర తీసుకున్నట్టు. లేకపోతే మనసు పట్టలేదన్నట్టు. ఆ చీర తరవాత ఇంటి కోడలు కట్టుకుంటుంది.

మా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆవిణ్ణి నేను పిన్నీ అని పిలిచేదాన్ని. పిన్ని మెడలో పుస్తెల పక్కన ఒక వెండి బిళ్ళుండేది. దాని మీద ఆడమనిషి బొమ్మ అచ్చు గుద్ది ఉండేది. రెండో పెళ్ళాంగా వచ్చిన మనిషి మొదటావిణ్ణి అలా మెడలో వేసుకోవాలి. "అది మీ అమ్మేనే" అనేది మామ్మ. పిన్ని ఒళ్ళో పడుకుని నేను ఆ బిళ్ళ పట్టుకుని చూసేదాన్ని. ఒంటికి రాసుకుని రాసుకుని దాని మొహం కూడా అరిగిపోయింది.

"బరువుగా ఉంటుందా పిన్నీ?"

"బిళ్ళా? ఎంతుందే, గురిగింజంత" అని బిళ్ళ కొంగులోకి తోసుకుని, "పొద్దున్న పూట తేలిగ్గానే ఉంటుంది. సాయంత్రానికి కాస్త బరువెక్కుతుంది" అంది.

పిన్నికి రెండుసార్లు కడుపు పోయింది. ఆ రెండేళ్ళూ పిండి మీద గుర్తు పడలేదు. మళ్ళీ నెల తప్పేసరికి మా మేనత్త ఊర్నించి దిగి, వీధరుగు మీద కూచుని, లోపలికి వినపడేలాగే అంది.

"పెద్దదానికి ఈ మనిషంటే ఇష్టం లేదమ్మా. ఎన్నిసార్లు చెప్పిస్తావు దానిచేత? ఈసారి కూడా గుర్తు పడకపోతే పుట్టింటికి దింపేసి రండి. ప్రాణమైనా దక్కుతుంది."

"ఆయ్, అలాగే చేద్దాం" అంది మామ్మ.

మా నాన్న తాడు పేనుతూ తలెత్తలేదు. లోపల పిన్ని మినప్పప్పు రుబ్బుతోంది. రోలు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది. పిన్నికి పుట్టిల్లంటే వాళ్ళ అన్నయ్య ఇల్లు. ఆ వదినగారు పిన్నిని గుమ్మం ఎక్కనివ్వదని నాకు కూడా తెలుసు. నాకు అన్నం కలిపి పెట్టేది పిన్ని. జడేసేది పిన్ని. మళ్ళీ ఒక అమ్మని ఎవరో పట్టుకుపోతారని ఆ రోజంతా పిన్ని కొంగు వదల్లేదు.

మామ్మ రెండ్రోజులు ఆలోచించి ఒక మాటంది. "ఇన్నేళ్ళూ మనకి నచ్చింది కొన్నాం. అదే పొరపాటు. ఈసారి దాని కడుపున పుట్టిన పిల్ల ఏది చూపిస్తే అది కొందాం. పిల్ల నోట అదే చెప్తుంది." బజారులో పిన్ని మాట్టాడకూడదు. నేను ముందు నడవాలి, వాళ్ళిద్దరూ వెనకాల రావాలి.

ఆ పొద్దున్న ముసురు పట్టి ఉంది. కాలవ దాటి, రిక్షా కట్టించుకుని పాత బజారులో దిగేం. తడిసిన గోనెలు, ఇంగువ, కొత్త గుడ్డల గంజి, అత్తరు కొట్టు, అన్నీ కలిసి ఒకటే వాసన. మామ్మ నా ముందుకొచ్చి నిలబడింది. నా కేసి కాదు, నా తల మీంచి ఎత్తుగా చూసింది.

"ఎటు వెళ్దామంటావమ్మా, కోడలా?" అంది. మామ్మ గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

నా వీపు మీద ఎవరో చెయ్యేసినట్టయింది. వెనక్కి తిరిగేను. పిన్ని ఎడంగా గొడుగు పట్టుకుని, పెదాలు బిగించుకుని ఉంది.

మొదట భయమేసింది కానీ పిల్ల బుద్ధి కదండీ. జీళ్ళ కొట్టు కనపడగానే "ఆవిడకి జీళ్ళు కావాలంట" అన్నాను.

"జీళ్ళా? పళ్ళకి అంటుకుంటాయని ముట్టేది కాదే!"

"ఇప్పుడు తింటాదంట."

"పోయేక పళ్ళ బాధుండదు కాబోలు" అనుకుంటూ మామ్మ పొట్లం కట్టించింది. అవి నేనే తిన్నాను. రిబ్బన్లు కూడా కొనిపించేను.

గాజుల కొట్లో ఆయన పిన్ని చెయ్యి చూసి "ఏం సైజు తల్లీ?" అన్నాడు. పిన్ని పలకలేదు.

"ఇవాళ ఇది మాట్టాడదండి" అంది మామ్మ.

"మా ఇంట్లో కూడా ఇలాంటి రోజొకటి పెట్టించండి మామ్మగారూ, పుణ్యముంటుంది" అన్నాడాయన. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బట్టల కొట్లోకి వెళ్ళేసరికి నా వేషాలన్నీ అణిగిపోయేయి. పరుపు మీద చీర తరవాత చీర పరిచేస్తున్నారు. నేను చూపించింది తప్పయితే పిన్ని వెళ్ళిపోతుంది. "కాదంట" అన్నాను. ఇంకోటి. "కాదంట."

"ఎవరండీ కాదనేది?" అన్నాడు కొట్టాయన విసుగ్గా.

"దీని తల్లి."

"ఆవిడెక్కడున్నారు?"

"ఇక్కడే ఉంది" అని మామ్మ నా పక్కన చూపించింది.

కొట్టాయన ఆ ఖాళీ చోటు కేసి చూసేడు. కాళ్ళు ముడుచుకుని, పరుపు మీద కాస్త జాగా చేసేడు. "ఆయ్, కూచోమనండి" అన్నాడు. ఆ తరవాత విసుక్కోలేదు. చీరలన్నీ ఆ ఖాళీ కేసి తిప్పి చూపించేడు.

మూడు కొట్లు తిరిగినా ఏదీ కుదర్లేదు. ఆకలేసి హోటల్లోకి వెళ్ళేం. ముగ్గురం కూచుంటే మామ్మ నాలుగు ఆకులు వేయించింది. నాలుగు పెసరట్లు, మధ్యలో ఉప్మా, అల్లప్పచ్చడి. మా అట్లు పొగలు కక్కుతున్నాయి. నాలుగో ఆకులోది ఒక్కటీ చల్లగా, చెమ్మగా ఉంది. అది ముందు పోసిన అట్టేమో. అప్పుడు నాకు ఆ మాట తోచలేదు.

పిన్ని తన అట్టు గబగబా తినేసి తల దించుకు కూచుంది. పాపం కడుపుతో ఉన్న మనిషి, పొద్దున్నించి తిరుగుడు. నేను నాలుగో ఆకు కేసి చూసి, "ఆవిడ పిన్నిని తినమంటోంది మామ్మా" అన్నాను.

మామ్మ నన్ను చాలా సేపు చూసింది. "నిజంగానా?"

"ఊఁ."

"అయితే తినవే, అడిగి పెట్టిందిట" అని ఆకు ఇటు జరిపింది. పిన్ని ముక్క తుంపి నోట్లో పెట్టుకుని, ఒక్కసారి వణికింది. అయినా అంతా తింది.

బయటికొచ్చేసరికి వాన ముంచెత్తింది. ఆ వీధి మలుపులో పాత మేడొకటుండేది. ఒకప్పుడు భూములున్నవాళ్ళు. అవి కరిగిపోయేక ఆ ఇంటి బాబుగారు ఉన్న పాత సామానంతా కింద గదుల్లో సర్ది, మ్యూజియం అని బోర్డు పెట్టి, వచ్చినవాళ్ళకి చూపించేవారు. తలదాచుకోడానికి మేం అందులోకి దూరేం. సన్నగా, తెల్లటి పంచెలో, బాబుగారు లాంతరు స్తంభంలాగా నిలబడి ఉన్నారు.

"రండి, రండి. చెప్పులక్కడ విడవండి" అన్నారు. ఆ వానకి వేరే ఎవరూ లేరు.

మేనా ఉంది. దాని కర్ర బోయీల భుజం తగిలే చోట నున్నగా అరిగి మెరుస్తోంది. గోదాట్లో కొట్టిన మొసలి ఉంది, కడుపులో గడ్డి కూరి. దాని నోటి ముందు ఒక సాసరు, అందులో గాజులు.

"దాని పొట్టలో దొరికేయమ్మా" అన్నారు బాబుగారు. అన్నీ నా చేతికి పట్టే సైజువి. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆ వెనక గదిలో చీకటిగా ఉంది. ఒక అద్దాల బీరువా. అందులో కర్ర స్టాండుకి వంకాయ రంగు చీర, అల్లం రంగు అంచు, మనిషికి కట్టినట్టు కుచ్చిళ్ళు పోసి కట్టి ఉంది. భుజాలున్నాయి. తల లేదు. కళ్ళు మూసుకుంటే కనపడే మా అమ్మ అచ్చం అలాగే ఉండేది. పిన్ని నన్ను వెతుక్కుంటూ వచ్చి వెనకాల నిలబడింది. కిటికీ వెలుతురికి అద్దంలో పిన్ని నీడ పడింది. సరిగ్గా ఆ చీర మీద, తల ఉండవలసిన చోట, పిన్ని మొహం వచ్చింది. ఇద్దరూ కలిసి ఒక్క మనిషయ్యేరు. ఆ మనిషి నా కేసి చూసింది.

"ఇదే. ఇదే కావాలంట."

ఆ మాట నేనే అన్నానని తరవాత అందరూ చెప్పేరు. నా నోరు కదిలినట్టు మాత్రం నాకు గుర్తు లేదండి.

మామ్మ పరిగెత్తుకొచ్చింది. "దొరికింది! బాబుగారూ, ఈ చీర ఇప్పించండి."

"ఇది కొట్టు కాదమ్మా" అన్నారాయన. మొహం పాలిపోయింది. "అది ఇవ్వడం కుదరదు."

మామ్మ ఉన్నచోటే కింద కూలబడింది. "అయితే అయిపోయిందండి. ఇవ్వలేని చీరే అడిగిందంటే దానికి ఇష్టం లేనట్టేగా. రేపే దీన్ని పుట్టింటికి దింపేస్తాం."

అప్పుడు పిన్ని నోరు విప్పింది. పొద్దున్నించి మూసుకున్న గొంతు, బొంగురుగా వచ్చింది. "బాబుగారూ, ఒక్క పూటకి ఇప్పించండి. కట్టుకుని, ఉతికి తెచ్చిచ్చేస్తాను. నాకు వెళ్ళడానికి ఇల్లు లేదండి."

"మాట్టాడేవూ! మాట్టాడేసేవూ!" అని మామ్మ నెత్తి కొట్టుకుంది.

ఈ గోలకి లోపల్నించి ఒక ముసలావిడ వచ్చేరు. బాబుగారి తల్లి. నడుం ఒంగిపోయి నా ఎత్తే ఉన్నారు. ఎవర్నీ ఏమీ అడక్కుండా పిన్ని మెడలో బిళ్ళ వేళ్ళతో పట్టుకుని తడిమేరు.

"ఎవరమ్మా ఈవిడ?"

"మా అక్కండి" అంది పిన్ని. పిన్ని ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు. మామ్మ నెత్తి కొట్టుకోడం ఆపి చూసింది.

"ఆ చీర పోయిన మా కోడలికి పెట్టిందమ్మా" అన్నారు ముసలావిడ. "మా వాడు మళ్ళీ చేసుకోలేదు. కట్టుకునే ఆడకూతురు ఇంట్లో లేక అందులో పెట్టేం. పేరంటాలికి పెట్టిన చీర ఎవరో ఒకరు కట్టాలి. కట్టకపోతే ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు. వానాకాలం వస్తే ఆ అద్దానికి చెమ్మ పడుతుంది చూడు. లోపలివైపు."

చూసేం. అద్దం మీద చెమ్మ, ఊపిరి తగిలినట్టు, మెడ ఎత్తులో. బాబుగారు రుమాలుతో బయటివైపు తుడిచేరు. పోలేదు.

"వద్దమ్మా. నాకు అదొక్కటే ఉంది" అన్నారాయన.

"ఇన్నేళ్ళు కాపలా కాసేవు కదరా. ఇంక వెళ్ళనీ."

ఆయన తాళంచెవి తల్లి చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ముసలావిడ బీరువా తీసి చీర విప్పుతుంటే వాసన వచ్చింది. కర్పూరం వాసనో కలరా ఉండల వాసనో వస్తుందనుకున్నాను. కాదు. కుంకుడుకాయతో అప్పుడే తలంటుకున్న జుట్టు వాసన.

"తిరిగివ్వక్కర్లేదు. మీ పేరంటాలికి వడ్డించినప్పుడల్లా మా పిల్లక్కూడా ఓ ఆకెయ్యండి, చాలు" అన్నారావిడ.

చీర పెట్టే రోజు మేనత్త మళ్ళీ వచ్చింది. పీట మీద వంకాయ రంగు చీర. ముందు రెండు ఆకులు. పళ్ళెం నిండా పిండి, మామ్మ చేత్తో సాపుగా పరిచింది. తలుపు మూసేరు. నాన్న, మేనత్త, పిన్ని, నేను వీధరుగు మీద కూచున్నాం. మామ్మ వంటింట్లో అన్నం దగ్గరుంది. వంటింట్లోంచి కూడా నడింట్లోకి ఒక తలుపుంది. దాని గడియ మామ్మే వేసింది.

వాన లేదు, మిట్టమధ్యాన్నం. కాలవ మీద ఒక్క పడవ లేదు. కాకులు కూడా అరవలేదు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఇంతలో లోపల గాజులు గలగలమన్నాయి. ఒక్కసారే. మేనత్త నా కేసి, పిన్ని కేసి చూసింది. మేం ఇద్దరం అక్కడే ఉన్నాం.

అన్నం ఉడికిందని మామ్మ వచ్చి తలుపు తీసింది. దీపం నిలకడగా ఉంది. చీర మొదటి మడత విడిపోయి ఉంది. పళ్ళెం మీదికి మేనత్త ఒంగింది.

"పడింది" అంది. ఇంకా ఒంగింది. "రెండున్నాయి."

"రెండు చేతులూ ఆనించింది కాబోలు" అన్నాడు నాన్న.

మేనత్త తన చెయ్యి గాల్లోనే గుర్తుల మీద పెట్టి చూసుకుంది. "ఇది కుడిచెయ్యి. ఇదీ..." బొటనవేళ్ళ గుర్తులు మళ్ళీ చూసింది. "ఇదీ కుడిచెయ్యే అన్నయ్యా."

మేనత్త భోజనం కూడా చెయ్యకుండా, గొడుగు మర్చిపోయి, ఆ ఎండలోనే వాళ్ళూరు వెళ్ళిపోయింది. పుట్టింటి మాట మరి జన్మలో ఎత్తలేదు.

పిన్ని ఆ చీర కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మామ్మ కుడుములు చెయ్యడానికి కూచుంది. ఆ పిండి పారబొయ్యకూడదు, ఇంట్లోవాళ్ళే తినాలి. పిన్ని నన్ను గుమ్మం పక్కకి లాగి చెవిలో అడిగింది.

"నువ్వేమైనా చేసేవే?"

"లేదు పిన్నీ. నీ పక్కనే ఉన్నానుగా. నువ్వు?"

"నేనూ కాదే."

ఇద్దరం మామ్మ చేతుల కేసి చూసేం. అప్పటికే పళ్ళెంలో పిండి వేడినీళ్ళలో పడిపోయింది. మామ్మ చేతులు రెండూ మోచేతుల దాకా పిండే. ఆ చేతుల్ని చూసి ఏం చెప్పగలం?

"ఏవే, గుమ్మంలో ఆ గుసగుసలేంటి? కూచుని తినండి. నువ్వు ఇద్దరికి తినాలి" అంది మామ్మ, తలెత్తకుండానే.

తిన్నాం. కుడుము వేడిగా, కమ్మగా ఉంది. మధ్యలో ఎక్కడో ఒక్క ముక్కకి మాత్రం కుంకుడుకాయ వాసన తగిలింది.

ఆ మాఘంలో మా తమ్ముడు పుట్టేడు. పిన్ని ఉన్నన్నాళ్ళూ ఏటా రెండు ఆకులు వేసింది, పిండి పరిచింది. గుర్తు మాత్రం మళ్ళీ పడలేదు. మామ్మ ఉండగానూ పడలేదు, పోయేకా పడలేదు. బాబుగారూ లేరు, ఆ మేడా లేదు. ఇప్పుడు ఆ స్థలంలో ఏ కొట్టుందో కూడా నాకు తెలీలేదు. కాలవలో డొక్కలు ఊరేసేవాళ్ళూ లేరు. నాకు మా అమ్మ మొహం ఇప్పటికీ తెలీదు కానీ, కళ్ళు మూసుకుంటే ఆ చోట ఇప్పుడు ఖాళీ లేదు. పిన్ని ఉంటుంది.

పిన్ని బాగా ముసలిదయ్యేక ఒక మధ్యాన్నం తల దువ్వుతూ అడిగేను. "ఇన్నాళ్ళకైనా చెప్పు పిన్నీ. ఆ చేతులు ఎవరివంటావు? మామ్మవేనా?"

పిన్ని మెడలో అప్పుడు పుస్తెలు లేవు. బిళ్ళ మాత్రం తియ్యలేదు. దాన్ని వేళ్ళతో తిప్పుకుంది.

"ఎవరివైతేనేంటే" అంది. "ఉండమన్నాయి. ఉన్నాను."